వంటింటి తరుగు వీధికా, పెరటికా?

ఎరువు అన్న మాట వినగానే నేడు మన కన్నులకు కట్టునది బస్తా. రెండు తరముల క్రిందట మన ఉత్తరాంధ్ర జిల్లాలలో ఆ మాటకు అర్థము గెత్తము. పెరటిలో ఒక మూల గెత్తపు గుంట లేని రైతు ఇల్లు అరుదుగా నుండెడిది. ఇంటిల్లిపాది తినగా మిగిలిన కూర తరుగు, బియ్యపు కడుగు, గంజి కుడితి గోలెములో పడెడివి. గోలెములోనిది పశువు త్రాగెడిది. పశువు వేసిన పేడ గుంటకు చేరెడిది. వైశాఖమాసపు ఎండలలో గుంట త్రవ్వి, బండ్లకెత్తి, ఏరువాక పున్నమికి ముందే గెత్తమును పొలములో కుప్పలు వేసెడివారు. ఈ ఏర్పాటును ఏ అధికారియు నేర్పలేదు. ఏ పథకమును దీనికి నిధులు కేటాయించలేదు. నేలనుండి తీసినది నేలకే ఇయ్యవలెనన్న ఒక్క సూత్రముమీద అది నడచినది.

ఆ వరుస కొత్తవలస ప్రాంతములో నేడు తెగిపోయినది. హౌరా–చెన్నై ప్రధాన రైలు మార్గముపై నున్న ఈ ఊరు, 1960వ దశకములో బైలడిల్లా ఇనుప ఖనిజము కొరకు కిరండూల్ వరకు రైలు మార్గము పడుటతో జంక్షనుగా పెరిగినది. 1979లో విజయనగరం జిల్లా ఏర్పడినప్పుడు ఈ ప్రాంతము ఆ జిల్లాలో చేరినను, బ్రతుకుతెరువు విషయములో దీని చూపు సుమారు 30 కిలోమీటర్ల దూరములోనున్న విశాఖపట్టణము వైపే. గోగు, నువ్వు, చోడి పండిన మెట్ట చేలలో కొన్ని ఇండ్ల స్థలములుగా మారినవి. పశువుల సావిడి ఉన్నచోట మోటారు సైకిలు నిలుచున్నది. గోలెము పోయినది, గుంట పూడినది. కాని తరుగు మాత్రము పోలేదు. వంట చేయునంతకాలము తరుగు పుట్టుచునే యుండును. అది ఇప్పుడు ఒక పాలిథీను సంచిలో మూటగట్టబడి వీధి మలుపునకో, రైలు కట్ట ప్రక్కకో, కాలువలోనికో పోవుచున్నది.

ఇది పారిశుధ్య సమస్య మాత్రమే అని తలచువారు కలరు. ఇది వ్యవసాయ సమస్య కూడనని నా అభిప్రాయము. వంటింటి తరుగును ఇంటి ఆవరణలోనే కంపోస్టుగా మార్చుకొనుట ప్రతి గృహస్థు తన పనిగా పెట్టుకొనవలెనని, దానిని పంచాయతీ బండికి వదలివేయుట సరికాదని ఈ వ్యాసములో మనవి చేయదలచినాను. అయితే చేయని వాగ్దానములు చేసి పాఠకులను ఒప్పించుట నా ఉద్దేశము కాదు. అందుచేత ముందుగా లెక్క చూతము.

లెక్క దాచరాదు

వంటింటి చెత్తతో బంగారము పండునని, ఇక ఎరువుల దుకాణమునకు పోనక్కరలేదని కొన్ని ప్రచార సభలలో చెప్పుట వినుచుందుము. ఇట్టి మాటలు మేలుకంటె కీడే చేయును. నమ్మి చేసినవాడు మొదటి సంవత్సరమే నిరాశపడి గుంటను పూడ్చివేయును.

నలుగురైదుగురు గల ఇంటిలో దినమునకు ముప్పాతిక కిలో తడి చెత్త వచ్చుననుకొందము. సంవత్సరమునకు సుమారు 270 కిలోలు. అందులో మూడు వంతులకు పైగా నీరే. దానికి తగినంత ఎండుటాకు కలిపి చివుకనిచ్చినచో, సుమారు 100 కిలోల కంపోస్టు చేతికి వచ్చును. మంచి కంపోస్టులో నత్రజని నూటికి ఒక పాలు అనుకొన్నచో, సంవత్సరము పొడుగునా పాటుబడి సంపాదించిన నత్రజని ఒక కిలో. అది రెండు కిలోల పైచిలుకు యూరియాకు సమానము. సబ్సిడీ ధరకు లెక్కించినచో దాని వెల 15 రూపాయలకు మించదు.

పొలము సంగతియు ఇట్లే యున్నది. ఎకరమునకు 4 టన్నుల పశువుల ఎరువు వేయుడని మా శాఖ చెప్పుచుండును. ఒక ఇంటినుండి సంవత్సరమునకు వచ్చునది 100 కిలోలు. అనగా ఒక్క ఎకరమునకు నలుబది ఇండ్ల తరుగు కావలెను. కాబట్టి వరి పొలమునకు వంటింటి కంపోస్టు చాలునని ఎవరును తలచరాదు. పొలమునకు పశువుల గెత్తము ఉన్నది, జీలుగ, జనుము, పిల్లిపెసర వంటి పచ్చిరొట్ట పైరులు ఉన్నవి, గట్లపై పెంచుకొను గ్లిరిసీడియా ఆకు ఉన్నది. భూసార పరీక్షను బట్టి వేయు రసాయనిక ఎరువులును ఉన్నవి. వాని పని వానిది.

ఇంత చెప్పిన పిమ్మట, మరి ఈ శ్రమ యెందుకని మీరు అడుగుట న్యాయమే. నా సమాధానము మూడు భాగములు.

మొదటిది: మన నేల ఆకలి

మన ప్రాంతములో ఎర్ర ఇసుక నేలలు, ఎర్ర గరప నేలలు ఎక్కువ. ఇవి నీటిని త్వరగా త్రాగును, అంత త్వరగానే విడుచును. ఇట్టి నేలలలో సేంద్రియ కర్బనము తక్కువ. భూసార పరీక్ష పత్రములో సేంద్రియ కర్బనము నూటికి 0.5 పాలుకంటె తక్కువ ఉన్నచో ఆ నేలను తక్కువ తరగతిగా వ్రాయుదురు. పత్రములు అందుకొన్న రైతులలో చాలమంది నత్రజని, భాస్వరము, పొటాషుల గడులు చూతురే కాని ఈ గడిని చదువరు. మిగిలిన గడులకు తల్లి ఇదే.

కర్బనము నేలలో చేయు పని యూరియా బస్తా చేయజాలదు. ఇసుక రేణువులను కూడగట్టి నేలను గుల్లగా నుంచును. పడిన వాననీటిని పట్టి యుంచును. వేసిన ఎరువును వానకు కొట్టుకొని పోనీయక వేళ్ళకు అందుబాటులో నిలుపును. కోట్లకొలది సూక్ష్మజీవులకు, ఎర్రలకు ఆహారమగును. మనవంటి ఉష్ణ ప్రదేశములో ఎండవేడికి సేంద్రియ పదార్థము త్వరగా కరగిపోవును. చలి దేశములలో వలె ఒక్కసారి వేసి పది సంవత్సరములు ఊరకుండుటకు వీలులేదు. కొంచెముగానైనను ఏటేట వేయుచునే యుండవలెను. నత్రజని వెల 15 రూపాయలే కావచ్చును. కాని తక్కిన తొంబదితొమ్మిది కిలోలకు దుకాణములో సరియైన బదులు లేదు.

అందుచేత ఈ కంపోస్టుకు తగిన చోటు పెరడు. పది బీర, ఆనప పాదులకు పాదుకు 2 కిలోల చొప్పున రెండుమార్లు వేసినను 40 కిలోలు. నలుబది వంగ, టమాటా, మిరప మొక్కలకు మొక్కకు అర కిలో చొప్పున 20 కిలోలు. మిగిలినది ములగచెట్టునకు, కరివేపచెట్టునకు, అరటి పిలకలకు చాలును. పెరటి చెట్టు మందునకు పనికిరాదని సామెత. కాని పిల్లల కంచములో ఆకుకూర, ములగకూర తరచుగా పడుటకంటె చౌకయైన బలవర్ధకము వేరొకటి నాకు తెలియదు. ఒక ఇంటి తరుగు ఒక ఇంటి కూరలకు సరిపోవును. ఈ పొందిక మనము గ్రహించవలసినది.

రెండవది: ఊరి మేలు

వేయి గడపలు గల ఊరిలో ఇంటికి ముప్పాతిక కిలో చొప్పున దినమునకు 750 కిలోల తడి చెత్త పుట్టును. సంవత్సరమునకు 270 టన్నుల పైమాట. ఇది విడిగా నున్నంతసేపు ఎరువునకు ముడి సరకు. పాలిథీను కవరు, మాత్రల రేకు, పాత బ్యాటరీ, గాజు పెంకుతో కలసిన క్షణమున అది చెత్త. కలిపినది మనము. వేరుచేయవలసినది పారిశుధ్య కార్మికుడు. మన ఇంట మూడు దినములు మూటలో మురిగిన దానిని మరియొకరు వట్టి చేతులతో కెలుకుచుండగా చూచి ముక్కు మూసుకొనుట ఏమి మర్యాద?

వీధిలో పడిన మూటను పశువు నమలును. లోపలి పండుతొక్క కొరకు కవరుతో సహా మ్రింగును. ఆ కవరు కడుపులో అరుగదు, బయటికి పోదు. పొట్ట నిండినట్లుండి మేత తినక పశువు కృశించి చచ్చును. పశువుల వైద్యులు శస్త్రచికిత్స చేసి కిలోలకొలది పాలిథీను తీసిన సందర్భములు దేశములో అనేకము. ఒకనాడు ఏ తరుగు గోవునకు కుడితియై బలమిచ్చినదో, ఆ తరుగే నేడు దానిని చంపు ఎర యగుచున్నది.

పెద్ద కుప్పలలో గాలి చొరక కుళ్ళిన ఆహార పదార్థమునుండి మీథేను వాయువు వెడలును. నూరు సంవత్సరముల కాలమును లెక్కలోనికి తీసికొన్నచో, వాతావరణమును వేడిచేయుటలో బొగ్గుపులుసు వాయువుకంటె అది సుమారు 28 రెట్లు తీవ్రమైనది. గాలి ఆడునట్లు పెరటిలో చివుకనిచ్చినచో ఈ వాయువు చాల తక్కువగా పుట్టును. 2014 అక్టోబరు 12న వచ్చిన హుద్‌హుద్ తుపానును విశాఖ, విజయనగరం జిల్లాలవారు మరువలేదు. వాతావరణము మారుచున్నదని మనకు వేరొకరు చెప్పనక్కరలేదు. మన గుంట ఒక్కటి తుపానులను ఆపదు. కాని మన వంతు కీడు మనము చేయకుండుట మన చేతిలోనిదే.

మూడవది: పంచాయతీకి బాసట

మన రాష్ట్రమున గ్రామ పంచాయతీలలో చెత్తనుండి సంపద తయారు చేయు కేంద్రములు కట్టినారు. ఇంటింటికి బండి వచ్చుట మంచి మార్పు. అయితే బండి వచ్చుచున్నది గదా, మేమెందుకు చేయవలెనని కొందరు అడుగుదురు. 2016లో కేంద్ర ప్రభుత్వము ప్రకటించిన ఘన వ్యర్థముల నిర్వహణ నియమములే తడి చెత్తను, పొడి చెత్తను పుట్టినచోటనే వేరుచేయు బాధ్యతను ఇంటివారిపై నుంచినవి. ఇండ్లలో వేరుచేయనిచో ఎంత మంచి షెడ్డు కట్టినను అందులో తయారగునది గాజుపెంకులు కలసిన మట్టియే. దానిని ఏ రైతు కొనును?

తడి చెత్త పెరటిలోనే నిలిచిపోయినచో బండికెక్కునది పొడి చెత్త. అది వాసన రాదు, ఏరుట సులభము, అమ్ముట సులభము. బండి రోజు విడిచి రోజు వచ్చినను ఇబ్బంది లేదు. డీజిలు, కూలి మిగులును. పంచాయతీ కేంద్రము హోటళ్ళ చెత్తను, సంత చెత్తను, కల్యాణ మండపముల చెత్తను చూచుకొనుటకు తీరిక దొరకును. ఇంట గెలిచి రచ్చ గెలువుమన్న మాట ఇచ్చట అక్షరాల వర్తించును.

చేయు విధము

కంపోస్టు శాస్త్రము మనకు పరాయిది కాదు. సర్ ఆల్బర్ట్ హొవార్డు, యశ్వంత్ వాడ్ గారలు ఇండోరు పరిశోధనా సంస్థలో పనిచేసి, పొరలు పేర్చి తిరుగవేయు పద్ధతిని 1931లో గ్రంథరూపమున ప్రకటించిరి. 1939లో బెంగుళూరులో డాక్టరు సి.ఎన్. ఆచార్య గారు, తిరుగవేయు శ్రమ లేక గుంటను మట్టితో కప్పి విడుచు పద్ధతిని రూపొందించిరి. మొదటిది త్వరగా తయారగును, శ్రమ ఎక్కువ. రెండవదానికి శ్రమ తక్కువ, కాలము ఎక్కువ. ఇంటి అవసరమునకు ఈ రెంటినుండి కావలసినంత తీసికొన్న చాలును.

మన ప్రాంతమునకు నైరుతి వానలును, ఈశాన్య వానలును కలవు. లోతు గుంటలో వాననీరు నిలిచి చెత్త మురిగిపోవును. అందుచేత గుంటకంటె నేలమీద నిలుపు నూతి వరలు మేలు. మూడడుగుల వెడల్పు, అడుగు ఎత్తు గల సిమెంటు వరలు మూడింటిని ఒకదానిపై నొకటి పెట్టి, నడుమ ఇటుక ముక్కలు ఉంచి గాలికి సందు విడువవలెను. అడుగున సిమెంటు వేయరాదు. మట్టినేలయే యుండవలెను. పైన తాటాకు తడికయో, రేకు ముక్కయో కప్పవలెను. ఇట్టివి రెండు వరుసలు కావలెను. ఒకటి నాలుగు నెలలలో నిండును. రెండవది నిండులోగా మొదటిది పండును. ఇంటి గోడకు, నూతికి దూరముగా, చెట్టునీడలో పెట్టుట మంచిది.

అడుగున అరడుగు మందమున కొబ్బరి పీచు, చిన్న పుల్లలు, చెరకు ఆకు పరచవలెను. దానిపై నాటినాటి తరుగు వేసి, వేసిన ప్రతిసారి దానికి రెండింతలు ఎండుటాకు వేసి కప్పవలెను. ఈ పనిలో కీలకము ఎండుటాకే. చెత్తను చివుకజేయు సూక్ష్మజీవులకు నత్రజని ఒక పాలు ఉన్నచో కర్బనము 30 పాళ్ళు ఉండవలెను. కూర తరుగులో నత్రజని ఎక్కువ, కర్బనము తక్కువ. ఎండుటాకు, వరిగడ్డి అందుకు విరుద్ధము. రెండును కలిసినప్పుడే పాకము కుదురును. సంక్రాంతి మొదలు ఫాల్గుణము వరకు మామిడి, పనస, వేప ఆకులు రాలును. వానిని భోగి మంటలోనికి త్రోయక గోనెసంచులలో నింపి దాచుకొన్నచో సంవత్సరమునకు సరిపోవును.

పది దినములకొకసారి పలుచని పేడనీళ్ళో, పాత కంపోస్టు గుప్పెడో చల్లవలెను. ఇంట పశువు లేనివారు పుల్లమజ్జిగ నీళ్ళు చల్లినను చాలును. తడి చాలినదా లేదా అని తెలిసికొనుటకు చేతితో పిడికెడు తీసి పిండవలెను. రెండు మూడు బొట్లు కారినచో సరి. ధారగా కారినచో ఎండుటాకు కలుపవలెను. పొడిగా రాలినచో నీళ్ళు చిలుకరించవలెను. పదునైదు దినములకొకసారి కఱ్ఱతో కుళ్ళగించి గాలి తగులనీయవలెను. నిండిన పిమ్మట నాలుగంగుళముల మట్టి కప్పి, మూడు నెలలు విడువవలెను. తయారైన కంపోస్టు నల్లగా, పొడిపొడిగా, తొలకరి మట్టివాసనతో నుండును. తొక్కలు ఆనవాలు పట్టరాకుండును. జల్లించి, పైన మిగిలిన పుల్లలను కొత్త వరలో అడుగున వేయవలెను.

వేయదగినవి: కూర తరుగు, పండ్ల తొక్కలు, టీపొడి, పొడిచేసిన గుడ్డు పెంకులు, వాడిన పూలు, అరటాకులు, అడ్డాకు విస్తళ్ళు. మన్యమునుండి వచ్చు అడ్డాకు విస్తరి తిన్న పిమ్మట కూడ ఎరువగును. ప్లాస్టికు పూత గల కాగితపు పళ్ళెము కాదు. విందు చేయువారు ఈ తారతమ్యము గమనించవలెను. నిమ్మతొక్కలు, ఉల్లిపొట్టు, మిగిలిన అన్నము కొద్దిగా వేయవచ్చును.

వేయరానివి: మాంసము, ఎముకలు, నూనె, తెగులు సోకిన మొక్కలు, కాయలు కాచిన కలుపు. పెద్ద కుప్పలలో వేడి 55 డిగ్రీలు దాటి కలుపు గింజలు, తెగులు బీజములు నశించును. ఇంటి వరలో అంత వేడి నిలుచునన్న నమ్మకము లేదు. చేపల పొట్టు, తలలు ఇంటింట ఉండునవే. వానిని వరలో వేయక, అరటిచెట్టునకు దూరముగా అడుగున్నర లోతు గోతిలో పూడ్చినచో కుక్కలు తీయవు. పొయ్యి బూడిద కలుపుట మన పాత అలవాటు. పచ్చి పేడతో బూడిద ఎక్కువగా కలిసినచో నత్రజని అమ్మోనియా వాయువై ఎగిరిపోవును. బూడిదను విడిగా దాచి, పాదులకు నేరుగా కొద్దికొద్దిగా వేయుడు. కొబ్బరి చిప్పలు, బోండాలు ఏండ్లు గడచినను చివుకవు. పైగా వానిలో వాననీరు నిలిచి డెంగ్యూ దోమ పెరుగును. వానిని పగులగొట్టి వేరుగా ఉంచవలెను.

భయములు, నిజములు

వాసన వచ్చునని మొదటి భయము. సరిగా చేసిన కంపోస్టు కంపుకొట్టదు. కంపు వచ్చినచో తడి ఎక్కువైనదని, గాలి చాలలేదని గుర్తు. ఎండుటాకు వేసి కుళ్ళగించినచో రెండు దినములలో పోవును.

రెండవది పురుగుల భయము. తరుగులో చప్పిడిగా, గోధుమరంగున, అంగుళములోపు పురుగులు కదలాడుట చూచి గృహిణులు అసహ్యించుకొందురు. అవి నల్లసైనిక ఈగ పిల్లలు. చెత్తను త్వరగా తినివేయును. మనుష్యునకు గాని మొక్కకు గాని హాని చేయవు. జాగ్రత్తపడవలసిన పురుగు వేరొకటి కలదు. బొటనవ్రేలంత లావున, తెల్లగా, తల గోధుమరంగుగా, కొడవలివలె వంగి పడుకొని యుండునది కొబ్బరి కొమ్ముపురుగు పిల్ల. అది పెంటకుప్పలలో పెరిగి, రెక్కలు వచ్చిన పిమ్మట కొబ్బరి మొవ్వును తొలుచును. కొబ్బరి చెట్లు గల మన ఊళ్ళలో, కుప్ప కుళ్ళగించినప్పుడెల్ల వీనిని ఏరి చంపవలెను. కుప్పలో మెటారైజియం శిలీంధ్రపు పొడి కలిపినచో పురుగు రోగము వచ్చి చచ్చును. కుప్ప వేయుడని చెప్పి, ఈ హెచ్చరిక చేయకుండుట సరికాదు.

మూడవది పాముల భయము. పాము ఎరువు కొరకు రాదు, ఎలుక కొరకు వచ్చును. అన్నము, మాంసము పైన తేలియుండనీయక, మూత సరిగా వేసినచో ఎలుకకు పని యుండదు.

ఇంకొక మాట. సగము చివికిన దానిని తొందరపడి మొక్కకు వేయరాదు. అది చివుకుటకు మొక్క నత్రజనిని తానే లాగికొని, ఆకులు పసుపుబారును. మన ఎర్రనేలలలో చెదలును పట్టును. ఓపిక పట్టుట ఇందులో సగము విద్య.

ఇది ఎవరి పని?

ఈ విషయమున మాట తప్పించుట మనకు అలవాటు. తరుగు పుట్టునది వంటింట గనుక ఇది ఆడవారి పనియని మగవారు తలచుచున్నారు. వంట, అంట్లు, పిల్లలు, పొలము పనులతో తెల్లవారుజామున లేచిన ఇల్లాలిపై మరియొక బరువు మోపుట న్యాయము కాదు. ఆమె తరుగును వేరు బుట్టలో వేసిన చాలును. వరలు నిలుపుట, ఆకులు ప్రోగుచేయుట, కుళ్ళగించుట, జల్లించుట మగవారు, పెద్దపిల్లలు చేయవలసిన పనులు. అన్ని కలిపి వారమునకు ఒక గంట పట్టదు. ఆదివారము ఉదయము ఆ గంట దొరకదని చెప్పగలవారు ఎందరు?

పెరడు లేనివారి మాటయేమి? కొత్తవలసలో అద్దె ఇండ్లవారు, మేడమీద కాపురమున్నవారు ఎక్కువగుచున్నారు. వీరు రంధ్రములు చేసిన పెద్ద కుండలోనో, పాత డ్రమ్ములోనో ఇదే పద్ధతి నడుపుకొనవచ్చును. అదియు కుదరనిచో పూర్వపు మర్యాదను గుర్తుచేయుదును. పశువు లేని ఇంటివారు తమ కుడితిని పాలు పోయు ఇంటికి ఇచ్చెడివారు. అట్లే పది ఇండ్లవారు తమ తరుగును దగ్గరలోని కూరగాయల రైతునకు ఇచ్చినచో, అతనికి సంవత్సరమునకు ఒక టన్ను ఎరువగును. అతడు పండించిన కూరలు ఆ పది ఇండ్లవారే కొనవచ్చును. ఇందుకు కావలసినది ఇరుగుపొరుగు మాట పొత్తు.

పాఠశాలలలో మధ్యాహ్న భోజనపు తరుగుతో ఆవరణలోనే ఒక వర నింపినచో, పిల్లలు పాఠములో చదివిన సూక్ష్మజీవులను ప్రత్యక్షముగా తెలిసికొందురు. ఇంటికి పోయి పెద్దలను అడుగుదురు. మా ఉపన్యాసములకంటె వారి ప్రశ్న బలమైనది.

చివరి మనవి

పాఠకులారా! బైలడిల్లా కొండనుండి ఇనుప ఖనిజమును మోసికొని గూడ్సు బండ్లు మన ఊరి మీదుగా రేవునకు పోవుచున్నవి. ఆ ఖనిజము మరల కొండకు చేరదు. అది గని ధర్మము. నేల ధర్మము వేరు. నేలకు ఇచ్చినచో మరల ఇచ్చును. వంగపండు రూపమున, బీరకాయ రూపమున మన నేలనుండి తీసికొన్న సారములో మన చేతికి తిరిగి చిక్కునది ఆ తొక్క ఒక్కటే. దానిని కూడ కవరులో కట్టి పారవేసినచో, మన పెరటి నేలను కూడ గని వలె త్రవ్వివేయుచున్నామన్న మాట.

పెద్ద ఖర్చు లేదు. అనుమతులు అక్కరలేదు. రెండు వరుసల వరలు, ఒక గోనెసంచి ఎండుటాకులు, వంటింట రెండు బుట్టలు. ఒకటి తడికి, ఒకటి పొడికి. ఆకులు రాలు కాలమున మొదలుపెట్టినచో ఏడు నెలలలో తొలి వర పండి, ఎరువు చేతిలో నుండును. సందేహములున్నచో మీ రైతు సేవా కేంద్రమున అడుగుడు, లేదా మమ్ము పిలువుడు. మీ పెరటికి వచ్చి, పిడికెడు పిండి చూచి, తడి చాలినదో లేదో చెప్పుట మాకు సంతోషమే.

ఈ రాత్రి కూర తరిగినప్పుడు ఆ తొక్కలు ఎచ్చటికి పోవునో ఒక్కమారు చూడుడు. వీధికి పోవుచున్నచో దారి మార్చుడు.